నూట డెబ్బై ఆరు కోట్ల సాక్ష్యం

చరిత్ర రాసేవాళ్లు శాసనాన్ని నమ్ముతారు, నాణేన్ని నమ్ముతారు, తాళపత్రం అంచున లేఖకుడు వేసుకున్న తేదీని నమ్ముతారు. ఒక పూర్ణసంఖ్యను సాక్షిగా బోనెక్కించడం మాత్రం అరుదు. 1766319049కి ఆ అర్హత ఉంది. నూట డెబ్బై ఆరు కోట్ల అరవై మూడు లక్షల పందొమ్మిది వేల నలభై తొమ్మిది. భాస్కరాచార్యుడు ముప్పై ఆరేళ్ల వయసులో, 1150లో, సిద్ధాంత శిరోమణి పూర్తిచేశాడు. అందులో భాగమైన బీజగణితంలో ఒక చిన్న ప్రశ్నకు జవాబుగా ఈ సంఖ్య వస్తుంది. ఐదు వందల ఏళ్లు గడిచాక, 1657లో, ఫ్రాన్సులోని టూలూజ్ న్యాయస్థానంలో పనిచేస్తూ తీరిక వేళల్లో లెక్కలు చేసుకునే పియర్ ద ఫెర్మా అదే ప్రశ్నను, అదే 61తో, ఫ్రెనికల్ అనే తోటి గణితజ్ఞుడికి సవాలుగా పంపాడు. ఈ పోలిక చూసి కొందరు మన లెక్కను వాళ్లు ఎత్తుకుపోయారంటారు. ఇంకొందరు భాస్కరుడికి ఏదో అదృష్టం కలిసొచ్చిందని, పద్ధతి అంటూ ఉన్నది యూరోపులోనేనని కొట్టిపారేస్తారు. ఈ ఇద్దరికీ ఆ సంఖ్యే జవాబు చెబుతుందని నా వాదన. దాని గుణాలను కాస్త ఓపికగా చూస్తే ఎవరికి ఏం తెలుసో, ఏం తెలియదో చాలామటుకు తేలిపోతుంది.

ప్రశ్న చూడటానికి బడిపిల్లల లెక్కలా ఉంటుంది. ఒక వర్గాన్ని 61తో గుణించి ఒకటి కలిపితే మళ్లీ వర్గమే రావాలి. అలాంటి వర్గం ఏది? ఈ జాతి ప్రశ్నలకు మన గణితకారులు పెట్టిన పేరు వర్గప్రకృతి. గుణించే సంఖ్య ప్రకృతి, చిన్న వర్గమూలం కనిష్ఠం, పెద్దది జ్యేష్ఠం, కలిపే సంఖ్య క్షేపం. 61కి ఇరుగుపొరుగున ఉన్న ప్రకృతులు ఏమాత్రం ఇబ్బంది పెట్టవు. 60కి కనిష్ఠం 4: అరవై పదహార్లు 960, ఒకటి కలిపితే 961, అది 31 వర్గం. 62కి కనిష్ఠం 8: 62ను 64తో గుణించి ఒకటి కలిపితే 3969, అది 63 వర్గం. రెండూ నోటిలెక్కలే. వాటి నడుమనున్న 61కి మాత్రం అతిచిన్న కనిష్ఠం 226153980, అంటే ఇరవై రెండు కోట్ల పైచిలుకు. దానికి జంటగా వచ్చే జ్యేష్ఠమే మన సాక్షి. ఆ కనిష్ఠం కన్నా చిన్న ధనసంఖ్య ఏదీ ఈ ప్రశ్నకు పనికిరాదు. ఒకటి, రెండు, మూడు అంటూ వరసగా పరీక్షించుకుంటూ పోతే, నిమిషానికొకటి చొప్పున రాత్రింబవళ్లు లెక్కించినా నాలుగు వందల ముప్పై ఏళ్లు పడుతుంది. 1150లో మొదలుపెట్టిన మనిషి 1580 ప్రాంతంలో, ఇంకా ఫెర్మా పుట్టకముందే, జవాబు చేరేవాడు. అది కూడా ఒక్క గుణకారం తప్పకుండా చేసి ఉంటేనే! కాబట్టి అదృష్టం అన్న మాట ఇక్కడ చెల్లదు. చిన్న జవాబును ఊహించవచ్చు, ఎక్కడో తగలవచ్చు. పదంకెల జవాబు పుటమీద ఉందంటే దాని వెనుక పద్ధతి ఉండి తీరాలి.

ఆ పద్ధతిని భాస్కరుడు దాచుకోలేదు. శ్లోకాల నడుమ తానే రాసిన వివరణలో మెట్టు మెట్టుగా చూపించాడు. కనిష్ఠం 1 అనుకుంటే 61కి 3 కలిపితే 64, అది 8 వర్గం. అంటే కనిష్ఠం 1, జ్యేష్ఠం 8, క్షేపం 3. క్షేపం 1 కావాలి గానీ 3 వచ్చింది, దాన్ని లొంగదీయాలి. ఇప్పుడు ఒక కొత్త సంఖ్య వెతకాలి. దాన్ని కనిష్ఠంతో గుణించి జ్యేష్ఠం కలిపితే 3తో శేషం లేకుండా భాగం పోవాలి; దాని వర్గం 61కి వీలైనంత దగ్గరగా ఉండాలి. 7 ఆ రెండు షరతులకూ నిలుస్తుంది. ఏడూ ఎనిమిదీ పదిహేను, 3తో భాగిస్తే 5. ఇది కొత్త కనిష్ఠం. 7 వర్గం 49, అది 61కి 12 తక్కువ. 3తో భాగిస్తే ఋణం 4. ఇది కొత్త క్షేపం. జ్యేష్ఠం 39 అవుతుంది. సరిచూసుకుంటే 61ని 25తో గుణిస్తే 1525, 39 వర్గం 1521, నాలుగు తక్కువ. ఇలా ఒక్కో చుట్టులో పాత క్షేపాన్ని పట్టుకుని కొత్త క్షేపాన్ని తెచ్చుకుంటూ తిరగడమే చక్రవాళం.

భాస్కరుడు ఇక్కడితో చక్రం ఆపేశాడు. క్షేపం 4 గానీ ఋణం 4 గానీ వచ్చిందంటే మూలాలను సగం చేసుకోవచ్చు, అప్పుడు క్షేపం నాలుగో వంతు అవుతుంది. కనిష్ఠం రెండున్నర, జ్యేష్ఠం పందొమ్మిదిన్నర, క్షేపం ఋణం 1. ఇక మిగిలింది భావన, అంటే రెండు జవాబులను కూర్చి మూడోదాన్ని పుట్టించడం. ఒకరి కనిష్ఠాన్ని మరొకరి జ్యేష్ఠంతో అడ్డంగా గుణించి కలిపితే కొత్త కనిష్ఠం. జ్యేష్ఠాల లబ్ధానికి కనిష్ఠాల లబ్ధాన్ని 61తో గుణించి చేర్చితే కొత్త జ్యేష్ఠం. క్షేపాలు ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. ఈ జంటను తనతోనే భావన చేస్తే 195/2, 1523/2, క్షేపం 1. క్షేపం కుదిరింది గానీ భిన్నాలు పోలేదు. దీన్ని ముందటి జంటతో కలిపితే భిన్నాలు పోయి 3805, 29718 వస్తాయి. క్షేపం మళ్లీ ఋణం 1. ఆ జంటను తనతోనే ఇంకోసారి కలిపితే 226153980, 1766319049. మొత్తం ఒక చుట్టు చక్రం, మూడు భావనలు. పాటీ మీద గంట పని కూడా కాదు.

ఆ ఆఖరి సంఖ్యను విప్పి చూస్తే ఈ నిర్మాణమంతా బయటపడుతుంది. 1766319049లోంచి ఒకటి తీసేస్తే 29718 వర్గానికి సరిగ్గా రెట్టింపు. ఒకటి కలిపితే 3805 వర్గానికి సరిగ్గా నూట ఇరవై రెండు రెట్లు. కనిష్ఠమైన 226153980 ఆ రెండింటి లబ్ధానికి రెట్టింపు. ఇంకా చిత్రం, మధ్యలో భిన్నంగా కనిపించి మాయమైన 1523 ఎక్కడికీ పోలేదు. 1766319049 అంటే 1523ను 1159763తో గుణించగా వచ్చేదే. ఈ గుణాలను మరీ ఎక్కువగా వాడుకోకూడదనుకోండి. ఏ దారిన వెళ్లి ఆ సంఖ్యను చేరినా అవి ఉంటాయి. వాటిని బట్టి నడిచిన దారిని రుజువు చేయలేం, దారికి భాస్కరుడి వివరణే ఆధారం. అయితే ఇంత పెద్ద సంఖ్య నిజానికి చిన్న సంఖ్యల కూర్పేనని, ఆ కూర్పు తెలిసినవాడికి అది పెద్దదే కాదని ఈ గుణాలు చెబుతాయి.

పద్ధతి ఉందని తేలాక అది ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. మనకున్న అలవాటు కొద్దీ అంతా భాస్కరుడి ఖాతాలో వేసేస్తాం. ఆయనే ఆ మాట ఒప్పుకోడు. ఈ క్రియను చక్రవాళం అంటారని, అప్పటికే నలుగురి నోట నలిగిన సంగతిగా ప్రస్తావిస్తాడు. భావన బ్రహ్మగుప్తుడిది, 628 నాటి బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ఉంది. 92 ప్రకృతిగా ఈ లెక్కను ఏడాది లోపు చేసినవాడు గణకుడని ఆయన సవాలు విసిరాడు. జవాబు 120, 1151. భావన తెలిస్తే నాలుగు వరసల్లో అయిపోతుంది. తెలియనివాడికి ఏడాది అన్న గడువు వెక్కిరింతే. కానీ బ్రహ్మగుప్తుడికి ఒక చిక్కు మిగిలింది. క్షేపం 1, 2, 4లలో ఏదో ఒకటి, ధనంగానో ఋణంగానో, ఎక్కడినుంచో దొరకాలి. అది దొరికే దాకా ఆయన దగ్గర వెతుకులాటే తప్ప విధానం లేదు. ఆ వెతుకులాటను విధానంగా మార్చింది చక్రవాళం. 1073లో ఉదయదివాకరుడు లఘుభాస్కరీయానికి రాసిన వ్యాఖ్యలో జయదేవుడనే ఆచార్యుడి శ్లోకాలను ఉదహరించాడు. వాటిలో చక్రవాళం పూర్తిగా ఉంది. కృపాశంకర శుక్ల 1954లో ఈ భాగాన్ని వెలుగులోకి తెచ్చే దాకా జయదేవుడనే గణితజ్ఞుడి ఊసే గణిత చరిత్రల్లో లేదు. కాబట్టి 1150 అన్నది పద్ధతి పుట్టిన ఏడాది కాదు, ఆ పద్ధతితో చేసిన ఒక గొప్ప లెక్క గ్రంథస్థమైన ఏడాది.

ఇక అసలు సంగతి, 61నే ఎందుకు ఎంచుకున్నట్టు? వంద లోపు ప్రకృతులన్నిటినీ వరసగా చేసి చూస్తే కారణం కళ్లకు కడుతుంది. అన్నిటిలోకీ పెద్ద జవాబు 61దే. దాని తరవాతది 97, జ్యేష్ఠం 62809633. అది కూడా 61 జవాబులో ఇరవై ఎనిమిదో వంతైనా లేదు. మిగతావన్నీ పాతిక లక్షల లోపే. ఈ సంగతి ప్రకృతిని చూస్తే తెలిసేది కాదు. 61 ముఖం మీద ఏమీ రాసి ఉండదు. అరవైలు, డెబ్బైలు, తొంభైలు ఒక్కొక్కటీ చేసి చూసుకున్న మనిషికే తెలుస్తుంది. అంటే బీజగణితంలో కనిపించే ఒక ఉదాహరణ వెనుక, గ్రంథంలోకి ఎక్కని పదుల కొద్దీ లెక్కలు ఉండి ఉంటాయి. భాస్కరుడు గానీ, ఆయనకు ముందు ఆ శాఖలో పాఠం చెప్పినవాళ్లు గానీ పట్టికలాంటిది ఒకటి చేసుకుని ఉంటారని నేను భావిస్తాను. ఆ పట్టిక దొరకలేదు కదా అనవచ్చు. దొరకలేదు. కానీ 1356లో నారాయణ పండితుడు గణితకౌముది రాస్తూ తన ఉదాహరణలకు ఏ ప్రకృతులు తీసుకున్నాడో చూడండి: 103, 97. భాస్కరుడు వాడేసిన 61ని వదిలేసి వంద లోపు రెండో అతిపెద్దదాన్ని పట్టుకున్నాడు. ఒక్క ఎంపిక అయితే కాకతాళీయం అనుకోవచ్చు. రెండు శతాబ్దాల ఎడంతో మొదటి స్థానం ఒకరు, రెండో స్థానం ఒకరు ఎంచుకోవడం వెనుక లెక్కలు చేసిన చేతులు కనిపిస్తున్నాయి.

ఫెర్మా విషయంలోనూ ఇదే తర్కం పనిచేస్తుంది, అందువల్లే దొంగతనం కథ నిలవదు. ఆ కథకు మొదటి చూపులో బలం లేకపోలేదు. బీజగణితాన్ని 1634లో అతాఉల్లా రషీదీ పారసీకంలోకి అనువదించి షాజహానుకు సమర్పించాడు. తాజ్‌మహల్ వాస్తుకారుడిగా పేరున్న ఉస్తాద్ అహ్మద్ లాహోరీ కొడుకే ఈ రషీదీ. మొగలు దర్బారులో యూరోపు వర్తకులు, పాదరీలు తిరుగుతున్న రోజులవి. పారసీక అనువాదానికి, ఫెర్మా ఉత్తరానికి మధ్య ఇరవై మూడేళ్లు. దారి ఉంది, సమయం ఉంది, అదే సంఖ్య ఉంది. ఇంకేం కావాలి అని అడిగేవాళ్లున్నారు. కావలసింది ఇంకొకటుంది. ఫెర్మా 61ని ఒంటరిగా పంపలేదు. మరీ శ్రమపెట్టకుండా చిన్న సంఖ్యలే ఇస్తున్నానని చమత్కరిస్తూ 61తో పాటు 109 కూడా ఇచ్చాడు. 109కి జ్యేష్ఠం 158070671986249, పదిహేను అంకెలు. ఒకటి నుంచి వరసగా వెళ్తూ అంతకు ముందు వచ్చిన జవాబులన్నిటినీ మించిన జవాబు ఎప్పుడెప్పుడు వస్తుందో గుర్తుపెట్టుకుంటే, 53 తరవాత ఆ ఘనత 61ది, 61 తరవాత సరిగ్గా 109ది. ఆ మధ్యలో ఇంకేదీ లేదు. బీజగణితంలో చక్రవాళానికి ఇచ్చిన ఉదాహరణలు 67, 61. 109 అక్కడ లేదు. భాస్కరుణ్ణి చూసి రాసినవాడికి 61 దొరికేదే గానీ 109 దొరికేది కాదు. సొంతంగా పద్ధతి ఉండి, నూట యాభై దాకా లెక్కలు చేసుకున్నవాడికి రెండూ దొరుకుతాయి. కష్టమైన ప్రశ్న కావాలనుకున్న ఎవరైనా, ఏ దేశంలోనైనా 61 దగ్గరికే వస్తారు. ఇద్దరూ అదే సంఖ్యను ఎంచుకోవడానికి కారణం ఆ సంఖ్య స్వభావమే.

దీనికి తోడు బయటి ఆధారాలూ అటే మొగ్గుతున్నాయి. ఫెర్మాను ఈ దారి పట్టించింది బాషే 1621లో అచ్చువేసిన డయోఫాంటస్ గ్రంథం. ఫెర్మా సవాలు అందుకున్న ఇంగ్లండులో విలియం బ్రౌంకర్ తనదైన పద్ధతి కనిపెట్టాడు. ఫ్రెనికల్ తిరిగి 313తో సవాలు చేస్తే గంటో రెండు గంటలో తేల్చేశానని చెప్పుకున్నాడు. బ్రౌంకర్ క్రియలో చక్రవాళపు ఆనవాళ్లు లేవు. అది వేరే చెట్టు. ఆయిలర్ ఏమరుపాటున ఈ సమీకరణానికి జాన్ పెల్ పేరు తగిలించాడు, పెల్‌కు దీనితో పెద్దగా సంబంధం లేకపోయినా ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఆ పేరే నడుస్తోంది. భాస్కరుడి బీజగణితం ఇంగ్లీషులో కనబడింది 1813లో ఎడ్వర్డ్ స్ట్రేచీ పారసీకం నుంచి చేసిన అనువాదంతో. 1817లో కోల్‌బ్రూక్ నేరుగా సంస్కృతం నుంచి చేశాడు. అప్పటికి, ఈ సమీకరణానికి జవాబు ఎప్పుడూ ఉంటుందని నిరూపించిన లగ్రాంజ్ చనిపోయాడు కూడా.

ఎదురువైపు నుంచి వచ్చే ఆక్షేపణ ఇంకొకటి ఉంది. భారతీయుల పద్ధతి గ్రీకుల నుంచి వచ్చిందేనని పందొమ్మిదో శతాబ్దంలో పాల్ టానరీ వంటి పండితులు ఊహించారు. ఆర్కిమిడీస్ పేరున ఉన్న పశువుల సమస్య దీనికి ఊతం. అది చివరికి 4729494 ప్రకృతిగా ఉన్న ఇలాంటి ప్రశ్నగానే తేలుతుంది. ఆ సమస్య గ్రీకు ప్రతి 1773లో బయటపడింది. దాని జవాబులో 206545 అంకెలుంటాయని 1880లో ఆమ్టార్ చూపించాడు. పూర్తి జవాబును 1965లో కెనడాలోని వాటర్‌లూలో కంప్యూటరు మీద సాధించారు. ఇక్కడా నా కొలబద్ద ఒకటే: జవాబు పుటమీద ఉందా? గ్రీకు ప్రతిలో ప్రశ్న ఉంది, జవాబు లేదు. ప్రశ్న వేయడానికి పద్ధతి అక్కరలేదు, ఎంత భయంకరమైన ప్రశ్ననైనా పద్యంలో పెట్టవచ్చు. జవాబు రాయడానికే పద్ధతి కావాలి. గ్రీకుల దగ్గర అలాంటి పద్ధతి ఉండి నశించి ఉండవచ్చు. కానీ ఉందనడానికి 1766319049లాంటి సాక్షి ఒక్కటీ అటువైపు లేదు.

గట్టి ఆక్షేపణ చివరిది. లెక్క చేశారు సరే, రుజువేదీ? ఏ ప్రకృతికైనా చక్రం తిరిగి తిరిగి క్షేపం 1 దగ్గర ఆగి తీరుతుందని భాస్కరుడు ఎక్కడ నిరూపించాడు? నిరూపించలేదు. దీన్ని దాటవేయడం మనకు మర్యాద కాదు. పైగా ఆయన ఉదాహరణలు ఆ ప్రశ్నను పరీక్షకు కూడా పెట్టవు. 61లో ఒక్క చుట్టుకే ఋణం 4 తగిలింది, భావనతో దూకేశాడు. 67లో క్షేపాలు ఋణం 3, 6, ఋణం 7, ఋణం 2 అంటూ మూడు చుట్లు తిరిగాక ఋణం 2 దగ్గర అలాగే దూకి 5967, 48842 రాబట్టాడు. చక్రాన్ని చివరిదాకా తిప్పి చూపిన లెక్క రెంటిలోనూ లేదు. అది అవసరం లేదన్నది ఆయన దృష్టి; ఆయన రాస్తున్నది గణకులకు, వాళ్లకు కావలసింది జవాబు చేరే దగ్గరి దారి. జవాబు ఎప్పుడూ ఉంటుందనే రుజువును 1768లో లగ్రాంజ్ ఇచ్చాడు. ఫెర్మా తన దగ్గర రుజువుందన్నాడే గానీ రాసి ఇవ్వలేదు. కాబట్టి రుజువు లేకపోవడమే నేరమైతే బోనులో భాస్కరుడి పక్కన ఫెర్మాకూ, బ్రౌంకర్‌కూ చోటు చూపాలి. హెర్మన్ హాంకెల్ 1874లో అచ్చయిన తన గణిత చరిత్రలో, లగ్రాంజ్‌కు ముందు సంఖ్యాశాస్త్రంలో సాధించినవాటిలో దీన్ని మించింది లేదని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు మన సభల్లో తరచూ వినిపిస్తుంది. లగ్రాంజ్‌కు ముందు అన్న ముక్కను మాత్రం చాలామంది మింగేస్తారు.

చక్రవాళం ఎప్పుడూ ఆగుతుందన్న రుజువు చివరికి మైసూరులో దొరికింది. అక్కడ గణితం బోధించిన ఎ. ఎ. కృష్ణస్వామి అయ్యంగార్, కవి ఎ. కె. రామానుజన్‌కు తండ్రి, 1929-30లో భాస్కరుడి నియమాన్ని ఉన్నది ఉన్నట్టుగా తీసుకుని, దగ్గరి వర్గాన్ని ఎంచుకుంటూ వెళ్తే క్షేపాలు హద్దు దాటవని, హద్దులో ఉన్నవి తిరిగి రాక తప్పదని, వచ్చినప్పుడు ఒకటి దొరక్క తప్పదని చూపించాడు. అలా భావన ఊతం లేకుండా 61ని నడిపిస్తే క్షేపాలు 3, ఋణం 4, ఋణం 5, 5, 4, ఋణం 3 మీదుగా ఏడో మెట్టులో ఋణం 1కి చేరతాయి. అక్కడ జ్యేష్ఠం 29718. ఇంకో ఏడు మెట్లకు 1766319049. ఆయిలర్, లగ్రాంజ్ వాడిన వితత భిన్నాల దారిలో ఇదే జవాబుకు ఇరవై రెండు మెట్లు ఎక్కాలి.